విడాకులు పెరగడానికి పెద్దలు లేకపోవడమే కారణమా?

బందరు_శేషు: చిన్నప్పుడు మా వీధిలో విడాకులన్న మాటే వినలేదు. ఇప్పుడు మా చుట్టాల్లోనే ఫ్యామిలీ కోర్టు మెట్లెక్కినవాళ్లున్నారు. ఉమ్మడి కుటుంబాలు పోయాయి, సర్దిచెప్పే పెద్దలు పోయారు. నాకు కనిపించే కారణం అదే.

పాలమూరు_పిల్ల: 2011 జనాభా లెక్కల్లో విడాకులు తీసుకున్నవాళ్లు సుమారు 13.6 లక్షలు. విడాకుల్లేకుండానే విడిగా బతుకుతున్నవాళ్లు దానికి రెండింతలకు పైనే. రెండింట్లోనూ ఆడవాళ్లే ఎక్కువ. పుట్టింటికొచ్చి ఉండిపోయినవాళ్లు మీ వీధిలో లేరా? వాళ్లను ఏ లెక్కలో వేశారు?

బందరు_శేషు: 2011 లెక్కలతో ఇప్పటి సంగతి ఎలా చెబుతారు?

తమ్మిలేరు: మా తాతల కాలంలో పెద్దమనుషుల ముందు తెగతెంపులు చేసుకుని మారుమనువు వెళ్లడం మావాళ్లలో మామూలే. ఆచారం ప్రకారం విడిపోయే హక్కును 1955 హిందూ వివాహ చట్టమూ 29వ సెక్షన్‌లో అలాగే ఉంచింది. మీరు చెప్పే ఉమ్మడి కుటుంబం భూములున్నవాళ్ల కథ.

బందరు_శేషు: కులాల మాటెందుకు? పాత లెక్కలా కాదా, అది చెప్పండి.

తెనాలి_వేణు: వందకు ఒక్కటి కూడా లేని విడాకులకు ఇంత గొడవా!

బందరు_శేషు: ఆ ఒక్కటి మీ ఇంట్లో జరిగితే తెలుస్తుంది. ఇద్దరూ ఒప్పుకున్నా ఆర్నెల్లు ఆగమంది చట్టం. అవసరమైతే ఆ గడువూ తీసేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక ఆపేదెవరు?

పాలమూరు_పిల్ల: ఆ తీర్పు పూర్తిగా చదవండి. అప్పటికే ఏడాదిన్నర విడిగా ఉండాలి, రాజీ కుదరక పోవాలి, భరణం, పిల్లల సంగతి తేలిపోవాలి. ఇక పెద్దలంటారా, మా అక్కను ప్రతిసారీ నచ్చజెప్పి పంపింది వాళ్లే. చివరికి చెయ్యి విరిగి వచ్చింది. ఆస్పత్రికి ఒక్క పెద్దమనిషీ రాలేదు.

బందరు_శేషు: మీ అక్కకు జరిగింది అన్యాయమే. మా బావ తాగడు, కొట్టడు. అయినా చెల్లి ఇమడలేనంటూ పాపను తీసుకుని వచ్చేసింది. అమ్మకు షుగరు, నాకిద్దరు పిల్లలు, నాన్న కట్టిన రెండు గదుల ఇల్లు. నన్నెవరైనా అడిగారా?

పాలమూరు_పిల్ల: ఇంతసేపూ మీ బాధ ఇదా! నాన్నగారు వీలునామా రాశారా?

బందరు_శేషు: లేదు. పోయి చాలా కాలమైంది.

పాలమూరు_పిల్ల: అయితే ఆ ఇంట్లో అమ్మకూ మీకూ చెల్లికీ సమాన వాటాలు. 1956 హిందూ వారసత్వ చట్టమే అది. ఇల్లు పంచమని కూతురు అడగడానికి ఉన్న అడ్డం కూడా 2005లో పోయింది. ఆమె మీ ఇంటికి రాలేదు, తన ఇంటికి వచ్చింది.

బందరు_శేషు: పొలం అమ్మి కట్నమిచ్చాం. ఆమె వాటా అదే.

తమ్మిలేరు: కట్నం వెళ్లింది మీ బావ చేతికి. 1961 వరకట్న నిషేధ చట్టం 6వ సెక్షన్ ప్రకారం ఎవరు పుచ్చుకున్నా ఆ డబ్బు అమ్మాయికే ఇచ్చేయాలి. అడిగారా?

బందరు_శేషు: అడిగితే కాపురం నా చేతులతో తెంచినట్టే.

పాలమూరు_పిల్ల: తిరిగి వెళ్తావా అని చెల్లిని అడిగారా?

బందరు_శేషు: అమ్మ అడిగింది. వెళ్లనంది. అయినా రెండు వైపులవాళ్లూ ఒకసారి కూర్చుని మాట్లాడాలనే నేనంటాను.

పాలమూరు_పిల్ల: కూర్చోండి. ముందు కట్నం లెక్క తేల్చండి.