సాన పట్టినా పదును లేదట, ఎలా?

గుంటూరు కత్తిపీట: ఒక మాట గురించి అడుగుతున్నా, నవ్వకండి. మా కత్తిపీటకి నెలనెలా సాన పట్టిస్తున్నా. సైకిల్ మీద వచ్చే సానాయన పట్టిన పూట దొండకాయ సన్నగా తెగుతుంది, వారం తిరిగేసరికి టమాటా మీద జారుతుంది. విసుగొచ్చి నల్లపాడు దారిలో కొలిమి పెట్టుకున్న ఒక పెద్దాయనకి చూపించా. అంచు మీద గోరు మీటి చూసి, "సాన బానే పట్టాడమ్మా, దీంట్లో అసలు పదును లేదు" అన్నాడు. సాన పట్టడం, పదును పెట్టడం రెండూ ఒకటేనని ఇన్నాళ్లూ అనుకున్నా. కాదా?

పల్నాడు రేగడి: కాదండి. మా ఊళ్లో పదును అనే మాట కత్తికంటే నేలకే ఎక్కువ వాడతారు. "పదును ఆరిపోతోంది, అరక కట్టండ్రా" అంటాడు మా బాబాయి. అక్కడ కోసేదేముంది? నల్లరేగడిలో వాన వెలిసిన వెంటనే దిగితే మట్టి ముద్దలై నాగలికి అంటుకుంటుంది, ఆలస్యం చేస్తే రాయి. ఆ మధ్యలో వచ్చే రోజులే పదును. పిడికెడు మట్టి నొక్కి ఉండ చేసి, బొటనవేలితో తోస్తే పొడిగా విడిపోవాలి. అదను, పదును జంటగా అంటాం కదా, అదను కాలానికి, పదును నేలకి.

మట్టి ఎందుకలా మారుతుందంటే, రేగడిలోని బంకమట్టి కాగితాల కట్టలాంటిది. ఒక్కో పొర మందం మిల్లీమీటరులో పది లక్షల వంతుల్లో ఒక వంతు. నీళ్లు ఆ పొరల మధ్య దూరితే నేల ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోయి ఎండాకాలంలో కాలు దిగబడేంత నెర్రెలిస్తుంది. బాపట్ల వైపు ఇసుక నేలలకి ఈ గొడవ లేదు. ఇసుక రేణువుల్లో ఆ పొరలుండవు, నీళ్లు సందుల్లోంచి జారిపోతాయి.

తెనాలి వంటిల్లు: అరిసెల పాకానికీ ఇదే మాట. "పదును దాటింది" అని మా అత్తగారు అన్నారంటే ఇక ఆ అరిసెలు పళ్లకి పరీక్షే. చెంబులో నీళ్లు పెట్టుకుని చుక్క వేస్తారు, మెత్తగా ఉండ కట్టగానే దించాలి. థర్మామీటర్ కొనిస్తే దాంతో పాలు కాచుకున్నారు.

సంధి సమాసం: సంస్కృత 'పదం' నుంచి వచ్చి ఉంటుంది. పదం అంటే స్థానం, స్థితి. సరైన స్థితి కాబట్టి పదును.

బెజవాడ టు బెంగళూరు: అక్కర్లేదు సార్, ఇది మన ఇంటి మాటే. తమిళంలో 'పదం' అంటే సరిగ్గా తయారైన స్థితి, తోలు శుద్ధి చేయడాన్ని 'పదనిడు' అంటారు. కన్నడంలో 'హద'. పాలు 'హాలు', పులి 'హులి' అయినట్టే పకారం హకారమైంది. ఇక్కడ మా పక్కింటావిడ పాకానికీ 'హద' అంటుంది, తోలుకీ 'హద' అంటారు. మనమూ తోళ్లు పదును చేయడం అంటాం కదా. అక్కడా అంచు లేదు. పచ్చితోలు కుళ్లిపోతుంది. తంగేడు చెక్క నానబెట్టిన నీళ్లలో ఊరితే అందులోని వగరు తోలు నారల మధ్య చేరి వాటిని ఒకదానికొకటి పట్టి ఉంచుతుంది, ఇక కుళ్లదు. పదను, పదును రెండు రూపాలూ మనవాళ్లలో ఉన్నాయి.

సంధి సమాసం: హద సంగతి తెలియదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నా.

ఆటోనగర్ రిటైర్డ్: ఆలస్యంగా చూశాను. ముప్పై ఏళ్లు విజయవాడ ఆటోనగర్‌లో ఇనుముతోనే బతికినవాణ్ణి, కొంచెం పొడుగ్గా చెబుతా, ఓర్చుకోండి.

సాన చేసేది అరగదీయడం. అంచు ఆకారం మారుతుంది, లోపల ఇనుము ఇనుములాగే ఉంటుంది. పదును లోపలి పని. ఇనుములో పరమాణువులు వరసగా, గదులు కట్టినట్టు ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు గదికి ఎనిమిది మూలల్లో ఎనిమిది, నడుమ ఒకటి. ఎర్రగా కాల్చామా, ఆ అమరికే మారిపోతుంది. మూలల్లోవి అలాగే ఉండి, నడుమది పోయి, ఆరు గోడల మధ్యలోకీ ఒక్కోటి వస్తుంది. ఉక్కులో, అంటే కాస్త కార్బన్ కలిసిన ఇనుములో, ఈ మార్పు 727 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. ఈ వేడి అమరిక నూటికి రెండు పాళ్ల దాకా కార్బన్‌ని ఇముడ్చుకుంటుంది, చల్లటిది 0.02 శాతం కూడా దాటనివ్వదు. తీరిగ్గా చల్లారితే కార్బన్ బయటపడి వేరే పొరలు కడుతుంది, ఉక్కు మెత్తగా ఉంటుంది. నీళ్లలో ముంచామనుకోండి, బయటపడే వ్యవధి ఉండదు. ఇరుక్కుపోయి గదిని ఒకవైపు సాగదీస్తుంది. ఇక వరసలు ఒకదాని మీద ఒకటి జరగలేవు. గట్టిదనమంటే అదే. ఆ స్థితికి అడాల్ఫ్ మార్టెన్స్ అనే జర్మన్ ఆయన పేరు మీద మార్టెన్‌సైట్ అని పేరు.

కానీ అక్కడితో ఆపితే కిందపడగానే పుటుక్కున విరుగుతుంది. అందుకే అంచు మెరిసేలా రుద్ది మళ్లీ కాస్త కాస్తారు. పైన ఎండుగడ్డి రంగు తేలిందంటే 220, 230 డిగ్రీలు, కత్తికి అది చాలు. నీలం తేలిందంటే 300 దగ్గర, అది స్ప్రింగులకి. ఆ రంగు పైన పట్టే పల్చటి తుప్పు పొరది. పొర మందమయ్యేకొద్దీ రంగు మారుతుంది. మీ పెద్దాయన దగ్గర ఏ మీటరూ ఉండదు, ఆ రంగే ఆయన మీటరు.

మీ కత్తిపీటది మామూలు ఇనప పట్టీ అయి ఉంటుంది. దాంట్లో కార్బన్ 0.25 శాతం లోపే. ఎన్నిసార్లు ముంచినా నీళ్లు వేడెక్కుతాయి తప్ప పదును పట్టదు. లారీ కమాను ముక్క తీసుకెళ్లండి, అందులో 0.6 దాకా ఉంటుంది.

తెనాలి వంటిల్లు: అయితే "బుద్ధికి పదును పెట్టు" అంటే సాన కాదన్నమాట. కాల్చి ముంచడమా! మావాడి ట్యూషన్ మాస్టారికి చెప్పకండి.

గుంటూరు కత్తిపీట: అందరికీ దండాలు. తమ్ముడు పాత కమాను ముక్క పట్టుకొచ్చాడు, పొద్దున ఇచ్చొచ్చా. పెద్దాయన దాన్ని రాతి మీద కొట్టి చప్పుడు విని, "ఇదీ సరుకు" అన్నాడు. గడ్డి రంగు తేలేటప్పుడు చూస్తానని అడిగితే సాయంత్రం చీకటి పడకముందు రమ్మన్నాడు, దీపం వెలుగులో రంగు మోసం చేస్తుందట. ఇంకో మాట కూడా అన్నాడు, "కొడవలైతే కక్కు కొట్టాకే పదును" అని. కక్కు అంటే ఆ సన్నటి పళ్లేనా? రోలుకి కొట్టే కక్కూ ఇదీ ఒకే మాటా?