సర్కారు సాఫ్ట్‌వేర్: సోర్స్ కోడ్ బయటపెడితే చాలా, చూసుకునే మనుషులు కూడా కావాలా?

మద్దిలపాలెం వాసి
నిరుడు మా అమ్మకు ఒక కార్యాలయంలో ధ్రువపత్రం ఇచ్చారు. లక్ష్మి అన్న పేరు 'లక్‌ష్‌మి' అని పొల్లులతో, ముక్కలు ముక్కలుగా అచ్చయింది. బ్యాంకులో ఆ కాగితం చెల్లదన్నారు. పీడీఎఫ్ తయారయ్యే చోట ఒత్తులు కూర్చే పని జరగలేదు, అంతే. ఆ పని చేసే హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ ఓపెన్ సోర్స్‌గానే, అంటే ఎవరైనా కోడ్ చూసి మార్చుకునేలా, దొరుకుతుంది. ఆ కార్యాలయం సాఫ్ట్‌వేర్ కోడ్ కూడా అలా కనిపిస్తే నేనే సరిచేసి ఇచ్చేవాణ్ని. ఓపెన్ సోర్స్ వాడకంపై ఒకటి, ప్రభుత్వ అప్లికేషన్ల కోడ్ తెరవడంపై మరొకటి, కేంద్రం 2015లోనే రెండు విధానాలు ప్రకటించింది. మన విశాఖ ప్రభుత్వ కార్యాలయాల్లో వాడే సాఫ్ట్‌వేర్లకూ అదే వర్తింపజేయమని అందరం కలిసి అర్జీ పెడదామా?

రుషికొండ ప్రోగ్రామర్
అర్జీలో సంతకం పెడతాను కానీ, కోడ్ తెరిస్తే చాలన్న మాట ఒప్పుకోను. ఆరోగ్యసేతు ఆండ్రాయిడ్ యాప్ కోడ్‌ను 2020 మే 26న విడుదల చేశారు. యాప్ పంపే సమాచారాన్ని అందుకునే సర్వర్ కోడ్ ఆ రోజు అందులో లేదు. సగం చూపిస్తే బయటివాళ్లు చేయగలిగింది ఎంత? నేనూ ఒకసారి ఒక ప్రభుత్వ ప్రాజెక్టుకు చిన్న సవరణ పంపాను. ఎనిమిది నెలలు ఎదురుచూశాను. తీసుకుంటామనీ లేదు, వద్దనీ లేదు. రెండోసారి పంపడానికి మనసు రాలేదు. బిల్లులు గుత్తేదారుకు, చాకిరీ మనకు అయితే ఎవరు నిలబడతారు?

సీతమ్మధార, విశ్రాంత అధికారి
జనం ఆధార్ నంబర్లు, పన్ను వివరాలు ఉండే చోటిది. తేడా వస్తే సంతకం పెట్టిన అధికారే జవాబు చెప్పాలి. జర్మనీలోని మ్యూనిక్ నగరం 2003లో విండోస్ వదిలి, ఓపెన్ సోర్స్ అయిన లినక్స్‌కు మారాలని నిర్ణయించుకుంది. 2013 నాటికి దాదాపు 15,000 కంప్యూటర్లు మార్చింది. 2017లో మళ్లీ విండోస్‌కే వెళ్లాలని అక్కడి కౌన్సిల్ తీర్మానించింది. ఉత్సాహం ఒక పాలకవర్గంతో వస్తుంది, ఇంకో పాలకవర్గంతో పోతుంది.

రుషికొండ ప్రోగ్రామర్
కోడ్ వేరు, డేటా వేరు సార్. తాళం ఎలా పనిచేస్తుందో చెప్పినంత మాత్రాన తాళంచెవి ఇచ్చినట్టు కాదు. పాలకవర్గాల గురించి మీరన్నది మాత్రం నిజం.

గాజువాక, కౌంటరు ఉద్యోగిని
మీ మాటల్లో మేమెక్కడా లేమండీ. డోర్ నంబరులో స్లాష్ ఉంటే మా తెరపై ఇల్లు దొరకదు. స్లాష్ తీసి డ్యాష్ పెడితే దొరుకుతుంది. ఇది ఏ శిక్షణలోనూ చెప్పలేదు. పక్క కౌంటరు అమ్మాయి కనిపెట్టి మా వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ఇలాంటివి నాలుగేళ్లుగా పోగవుతున్నాయి. కొత్తగా చేరినవాళ్లు మాన్యువల్ చదవరు, ఆ గ్రూపే చదువుతారు. పైకి రాస్తే 'పరిశీలిస్తాం' అని వస్తుంది. ఎండలో వరుసలో నిలబడ్డ పెద్దాయనకు ఆ మాట చెప్పలేను కదా.

మద్దిలపాలెం వాసి
మేడం, మీరు చెప్పింది చదివాక నా అర్జీ చించేసి మళ్లీ రాస్తున్నాను. సాఫ్ట్‌వేర్‌ను చూసుకోవడానికి మనం కట్టాలనుకుంటున్న సమూహం మీ గ్రూపులో ఇప్పటికే ఉంది. దానికి కోడ్ దగ్గరికి దారి లేదు, అంతే. డీహెచ్‌ఐఎస్2 అనే ఓపెన్ సోర్స్ ఆరోగ్య సమాచార సాఫ్ట్‌వేర్ ఉంది, దాని తొలి రూపం 1990లలో దక్షిణాఫ్రికాలో మొదలైంది. ఇప్పుడు ఓస్లో విశ్వవిద్యాలయం సమన్వయంతో డెబ్బైకి పైగా దేశాల్లో నడుస్తోంది. వాళ్లు కోడ్ పెట్టి ఊరుకోలేదు. వాడేవాళ్లకు ప్రాంతాలవారీగా శిక్షణలు నడిపారు, స్థానికంగా చూసుకునే బృందాలను తయారుచేశారు.

అందుకే టెండరులోనే రాయించమని అడుగుదాం: బయటి నుంచి వచ్చిన ప్రతి సవరణకూ పదిహేను రోజుల్లో అవునో కాదో కారణంతో చెప్పే మనిషికి జీతం, కౌంటరువాళ్లు తెలుగులో ఫిర్యాదు రాసే వీలు. పాలకవర్గం మారినా ఒప్పందం మారదు సార్, మీ భయానికి నా దగ్గరున్న జవాబు ఇదొక్కటే. మేడం, ఆ స్లాష్ సంగతి వివరంగా రాసి పంపుతారా? అర్జీలో మొదటి ఉదాహరణ అదే.

గాజువాక, కౌంటరు ఉద్యోగిని
స్లాష్ ఒక్కటే కాదండీ. పాత రశీదుల్లో 'బై' అని అక్షరాల్లో రాసినవీ ఉన్నాయి, అవి ఎలా కొట్టినా దొరకవు. డ్యూటీ దిగాక రాత్రికి పంపుతాను.