ఉబ్బునరాలకు సరస్వతి ఆకు లేపనం: సిర దాకా దిగేదెంత?

ప్రశ్న: వెరికోస్ వెయిన్స్‌కి సరస్వతి ఆకు (మండూకపర్ణి) నువ్వుల నూనెలో కాచి, తేనెమైనం కలిపి లేపనం చేయాలనుకుంటున్నాం. పాళ్లెలా? అసలు పైపూత సిర (రక్తాన్ని తిరిగి గుండెకు తీసుకెళ్లే నాళం) దాకా పోతుందా? (జవాబిచ్చిన ముగ్గురివీ కలంపేర్లు.)

తైలపాకం: కొలత 1:4:16. నూరిన ముద్ద పావుకిలో, నూనె కిలో, కషాయం 4 కిలోలు. కషాయానికి ఎండాకు 2 కిలోలు, నీళ్లు 16 లీటర్లు, నాలుగో వంతు మిగిలేదాకా మరగాలి. మూడూ కలిపి సన్నసెగ మీద కాచండి. ముద్దను వేళ్ల మధ్య నలిపితే వత్తిలా సాగాలి, ఆ వత్తి మంటలో పెడితే చిటపటలాడకూడదు. చప్పుడొస్తే ఇంకా నీరున్నట్టే. అప్పుడే దించేస్తే డబ్బాలో బూజు ఖాయం. వేడిమీదే వడకట్టి, 6 పాళ్ల నూనెకి 1 పాలు మైనం వేయండి. మైనం 62–64 డిగ్రీలకే కరుగుతుంది, మళ్లీ పొయ్యెక్కించక్కర్లేదు. బెజవాడ ఎండల్లో ఆ పాళం జావైపోతుంది, అక్కడికి 5 పాళ్ల నూనెకే 1 పాలు మైనం.

సిరానాళం: పాకంలో తప్పు పట్టను. కానీ ఈ ఆకులో ముఖ్యమైన ఏషియాటికోసైడ్ ఆల్కహాల్లో కరిగినట్టు నూనెలో కరగదు, చాలావరకు పిప్పిలోనే ఉండిపోతుంది. నూనె పచ్చబడేది పత్రహరితం వల్ల. రంగు చూసి మందు దిగిందని మురిసిపోవద్దు. పైగా దాని అణుభారం 959. 500 దాటినవాటికి చర్మం దారివ్వడం కష్టం. సిరల జబ్బుకి ఈ ఆకు మీద జరిగిన ప్రయోగాల్లో ఎక్కువ మింగించినవే. ఇదే జబ్బుకి వాడే హార్స్ చెస్ట్‌నట్ అనే చెట్టు గింజ మీద 2012 కాక్రేన్ సమీక్ష (వైద్య ప్రయోగాలన్నీ కలిపి బేరీజు వేసేది) లోని 17 ప్రయోగాలూ అంతే. వాటిని చూపించి లేపనం అమ్మకూడదు.

తైలపాకం: ఇదే ఆకులోని ఏషియాటిక్ ఆమ్లం అణుభారం 488 మాత్రమే కదండీ. అయినా ఆ 500 హద్దు ఆరోగ్యమైన చర్మానికి. ఈ రోగుల చీలమండ దగ్గర చర్మం పొడిబారి, నల్లబడి, పగిలి ఉంటుంది.

సిరానాళం: ప్రమాదమూ అక్కడే. అలాంటి చర్మానికి అలర్జీ ఇట్టే అంటుకుంటుంది. లానోలిన్ (గొర్రె ఉన్ని నుంచి తీసే జిడ్డు), సెంటు నూనెలు అసలు కలపొద్దు. మంట పుడితే "మందు లాగుతోంది" అనుకుని ఇంకా పూస్తారు.

మేజోళ్లు: మన భాషతో ఓ చిక్కుంది. రక్తం మోసే సిరనీ, నొప్పి, స్పర్శ తెలిపే నాడినీ నరమనే అంటాం. అందుకే నరాల నొప్పి తైలం తెచ్చి ఇక్కడ గట్టిగా రుద్దేస్తారు. సిర తాడులా గట్టిపడి, ఎర్రగా, వేడిగా ఉంటే లోపల గడ్డకట్టి ఉండొచ్చు. చెయ్యి పెట్టకుండా డాప్లర్‌కి (రక్తప్రవాహం చూసే స్కాన్) పంపాలి. ఒత్తిడి మేజోళ్లు వాడేవాళ్లు (జర్మన్ కొలతలో రెండో తరగతివైతే ఒత్తిడి 23–32 మి.మీ. పాదరసం) లేపనం రాత్రి పూసుకుని, పొద్దున కడిగి తొడుక్కోవాలి. జిడ్డుకి సాగు దారం పాడై పట్టు పోతుంది.

తైలపాకం: కాళ్ల బరువు, సలుపు తగ్గాయని వాడినవాళ్లు చెప్పేదో?

సిరానాళం: కింది నుంచి పైకి నెమ్మదిగా పూసి, కాళ్లు దిండు మీదికెత్తి పడుకుంటే ఉత్త నూనెకీ తగ్గుతాయి. సిరలో రక్తం కిందికి జారకుండా ఆపే కవాటం పాడైతే మాత్రం బాగుపడదు. లేపనం పనిచేస్తుందో లేదో తేల్చాలంటే రెండు కాళ్లకీ ఈ జబ్బు ఉన్నవాళ్లను తీసుకోండి. ఒక కాలికి మందు లేపనం, ఇంకో కాలికి ఉత్త నూనె-మైనం, 8 వారాలు. రోజూ సాయంత్రం ఒకే వేళకి చీలమండ చుట్టుకొలత టేపుతో తీయండి. ఏ కాలికి ఏది పూశారో కొలిచేవారికి తెలియకూడదు.

తైలపాకం: రంగే పట్టిచ్చేస్తుందిగా. ఉత్తదాంట్లో పాలకూర కాచి పచ్చబరచాలి.