అప్‌డేట్: డాలస్ నుంచి ఆన్‌లైన్ పందేలు, లాయర్ చెప్పిన మాట

డాలస్‌లో ఉంటూ విదేశీ వెబ్‌సైటులో క్రికెట్ పందేలు కాస్తే నేరమా అని ఇదివరకు అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. చివరికి ఒక లాయరును కలిశాను.

ఫెడరల్ చట్టాల గురించి నా భయం చాలావరకు అనవసరమేనట. 1961 నాటి వైర్ యాక్ట్ పందేల వ్యాపారం చేసేవారి కోసం. 2006 చట్టం వాళ్లకు డబ్బు చేరే దారులు మూయడానికి. సరదాగా కాసేవాడి మీద ఆ రెండూ గురిపెట్టలేదు. 2018లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు దేశమంతా ఆటల పందేలకు తలుపులు తెరిచిందని నేను అనుకున్నాను, అదీ పొరపాటే. నిర్ణయం రాష్ట్రాలకు వదిలేసిందంతే. న్యూజెర్సీలో ఉన్న మా బావగారు ఫోనులో దర్జాగా కాస్తారు. టెక్సాస్ ఇంకా ఒప్పుకోలేదు. ఇక్కడ పందెం కాయడం క్లాస్ సి నేరం: జైలు లేదు, 500 డాలర్ల దాకా జరిమానా. చిన్నదే, కానీ గ్రీన్‌కార్డు వరుసలో ఉన్నవాడికి చిన్న కేసయినా కేసే అన్నారాయన.

ఇక అసలు నొప్పి. గెలిచిన 640 డాలర్లు అడిగితే ఆ సైటు మొదట పాస్‌పోర్టు కాపీ, తరవాత కరెంటు బిల్లు, చివరికి ‘ధ్రువీకరణ రుసుము’ అడిగింది. ఎవరికి ఫిర్యాదు చేయను? రుసుము కట్టలేదు, ఖాతా మూసేశాను. మా ఆవిడకు మాత్రం ఇంకా చెప్పలేదు.