కిడ్నీ ట్రాన్స్‌ప్లాంట్ అయిన బాబుకి నోట్లో తెల్ల పూత, ఫ్లూకోనజోల్ వేయొచ్చా?

సూర్యాపేట నాన్న:
అందరికీ నమస్కారం. మా బాబుకి తొమ్మిదేళ్లు, పుట్టుకతోనే మూత్రం దారిలో వాల్వ్ ప్రాబ్లం ఉండి రెండు కిడ్నీలూ పాడయ్యాయి, నాలుగు నెలల కింద హైదరాబాద్‌లో ట్రాన్స్‌ప్లాంట్ అయింది, కిడ్నీ వాళ్ళమ్మే ఇచ్చింది. కొత్త కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టకుండా టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, స్టెరాయిడ్, ఇన్ఫెక్షన్ రాకుండా సెప్ట్రాన్ నడుస్తున్నాయి, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ టెస్ట్ బానే ఉంది. మొన్నట్నుంచి నాలుక మీద, బుగ్గల లోపల మీగడలా తెల్లగా పట్టింది, గట్టిగా తుడిస్తే ఊడి కింద ఎర్రగా కనబడుతోంది, పప్పన్నం తిన్నా మంట అంటున్నాడు. ఇక్కడ పిల్లల డాక్టర్ గారు చూసి ఫంగస్ అని ఫ్లూకోనజోల్ రాసి రేపట్నుంచి వేయమన్నారు. వాట్సాప్ గ్రూపులో ఒకాయనేమో ఆ మందు కిడ్నీకి పడదు, అస్సలు వేయకండి అంటున్నాడు. ఎవరి మాట వినాలో తెలీట్లేదు. ఇంకోటి, 2021లో బ్లాక్ ఫంగస్ అని చూశాం కదా, ఇది కూడా అదేనా? రాత్రి నిద్ర పట్టలేదు మాకు.

గుడివాడ అమ్మ:
అన్నా ముందు కంగారు పడకండి. మా పాపకి కూడా ఆపరేషన్ అయిన మొదట్లో అచ్చం ఇలాగే వచ్చింది, స్టెరాయిడ్ డోస్ ఎక్కువున్న రోజుల్లో పిల్లలకి ఇది వస్తూనే ఉంటుందని మా డాక్టర్ గారు చెప్పారు. మందు కిడ్నీకి పడదన్నది నిజం కాదు, కానీ ట్రాన్స్‌ప్లాంట్ చేసిన చోట అడక్కుండా మాత్రం ఒక్క డోస్ కూడా వేయొద్దు. మా పాపకి ఫ్లూకోనజోల్ మొదలుపెట్టిన రోజే టాక్రోలిమస్ తగ్గించారు, ఆ వారంలోనే రక్తం తీసి అందులో టాక్రోలిమస్ ఎంతుందో, అదే లెవెల్, చూశారు. కోర్సు అయిపోయాక నేను హమ్మయ్య అనుకుంటుంటే సిస్టర్ ఫోన్ చేసి, అమ్మా అసలు జాగ్రత్త ఇప్పుడే ఉండాలి, ఆ మందు ఆపాం కాబట్టి లెవెల్ పడిపోతుంది, మళ్ళీ టెస్ట్‌కి రండి అని పిలిచింది. ఆ ఫోన్ రాకపోతే నాకు తట్టేదే కాదు. అన్నం మెత్తగా కలిపి పెట్టండి, తిన్న ప్రతిసారీ నోరు పుక్కిలించమనండి.

ఫార్మసిస్ట్ తమ్ముడు:
నేను ట్రాన్స్‌ప్లాంట్ వార్డులో క్లినికల్ ఫార్మసిస్ట్‌ని. అక్క చెప్పింది కరెక్ట్, ఎందుకో చెప్తా. టాక్రోలిమస్‌ని కాలేయంలో, పేగులో ఉండే ఒక ఎంజైమ్ విరగ్గొట్టి బయటికి పంపుతుంది, ఫ్లూకోనజోల్ ఆ ఎంజైమ్‌ని అడ్డుకుంటుంది, అంటే బాబుకి రోజూ వేసే డోసే వేసినా రక్తంలో మందు పేరుకుపోతుంది, చేతులు వణకడం, తలనొప్పి, బీపీ షుగర్ పెరగడం, చివరికి క్రియాటినిన్ పెరగడం. కిడ్నీకి పడదన్నాయన విన్నది బహుశా దీని గురించే. వోరికోనజోల్ అనే ఇంకో ఫంగస్ మందుతో ఇది ఇంకా ఎక్కువ, అది మొదలుపెట్టేటప్పుడు టాక్రోలిమస్‌ని మూడో వంతుకి దించమని మందు కంపెనీ సూచనల్లోనే ఉంటుంది. ఇట్రాకోనజోల్, పోసకోనజోల్ కూడా ఇదే కుటుంబం. ఆపాక సీన్ రివర్స్, ఎంజైమ్ మళ్ళీ పని మొదలుపెడుతుంది, తగ్గించిన డోసు అలాగే ఉంచేస్తే లెవెల్ పడిపోయి రిజెక్షన్, అంటే ఒళ్ళు కొత్త కిడ్నీని తిప్పికొట్టడం, రావచ్చు. నేను చూసినంతవరకు మొదలుపెట్టేటప్పుడు అందరికీ గుర్తుంటుంది, ఆపేటప్పుడే మర్చిపోతారు, అందుకే ఆపే తేదీ క్యాలెండర్ మీద ఇప్పుడే రాసి పెట్టుకోండి అన్నా. డోసు ఎంత తగ్గించాలో మీ టీమే చెప్పాలి, ఇక్కడ ఎవరు చెప్పినా వినొద్దు, నేను చెప్పినా సరే.

మెడికల్ షాపులో నోటికి పూసే క్లోట్రిమజోల్ పెయింట్ ఇస్తారు, పైపూతే కదా అనుకోకండి, మింగితే అది కూడా లెవెల్ కొంత పెంచగలదు. నిస్టాటిన్ అయితే పేగులోంచి రక్తంలోకి దాదాపు వెళ్ళదు, దొరికితే అది సరిపోతుందా అని అడిగి చూడండి. లెవెల్ టెస్ట్ రోజు పొద్దున డోసు వేయకుండా తీసుకెళ్ళాలి, రక్తం ఇచ్చాకే వేయాలి, లేకపోతే రిపోర్ట్ ఎక్కువ చూపిస్తుంది. పంపర పనస కూడా ఆ ఎంజైమ్‌నే ఆపుతుంది, ఇంట్లో చెట్టు ఉన్నా బాబుకి పెట్టొద్దు.

పిల్లల కిడ్నీ డాక్టర్:
బాబుని చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ మీరు రాసింది చూస్తే క్యాండిడా అనే, నోట్లో తెల్లగా పట్టే ఫంగస్ లాగా ఉంది, బ్లాక్ ఫంగస్ లక్షణాలు కావు. బ్లాక్ ఫంగస్ అంటే మ్యూకర్, అది ముఖం ఒక పక్క వాపు, నొప్పి, ముక్కులోంచి నల్లటి స్రావం, కన్ను వాచడం, రెండుగా కనబడటం, అంగిట్లో నల్ల మచ్చ, ఇలా వస్తుంది. అలాంటిది ఏ ఒక్కటి కనబడినా అదే రోజు ఆస్పత్రికి రావాలి, ఎందుకంటే దానికి యాంఫోటెరిసిన్ అనే ఫంగస్ ఇంజెక్షన్‌తో పాటు చాలాసార్లు ఆపరేషన్ కూడా అవసరం, గంటలు కూడా లెక్కే. యాంఫోటెరిసిన్ కిడ్నీ మీద భారం వేస్తుంది, పొటాషియం పడగొడుతుంది, అందుకే వీలైతే కిడ్నీకి తక్కువ హాని చేసే లైపోసోమల్ రకం వాడతాం. షుగర్ అదుపులో లేకపోతే మ్యూకర్‌కి దారి సులువవుతుంది, స్టెరాయిడ్, టాక్రోలిమస్ రెండూ షుగర్ పెంచేవే, కాబట్టి షుగర్ టెస్ట్ మాత్రం మానొద్దు.

ఇప్పుడు మీరు గమనించాల్సింది ఇంకోటుంది. మింగుతుంటే గొంతులో గానీ రొమ్ము ఎముక వెనక గానీ నొప్పి అంటే ఫంగస్ ఆహారనాళంలోకి దిగినట్టు అనుమానించాలి, అప్పుడు పూత మందు చాలదు. జ్వరం, పొడి దగ్గు, ఆయాసం వస్తే ఊళ్ళో యాంటీబయోటిక్ వాడుతూ కూర్చోవద్దు, ఊపిరితిత్తుల్లో ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ గానీ న్యుమోసిస్టిస్ గానీ ఉండొచ్చు. సెప్ట్రాన్ ఇస్తున్నది ప్రధానంగా ఆ న్యుమోసిస్టిస్ రాకుండా, అది కూడా ఫంగసే, కానీ ఫ్లూకోనజోల్‌కి లొంగదు, కాబట్టి ఫ్లూకోనజోల్ వేస్తున్నాం కదా అని సెప్ట్రాన్ ఆపేయకండి. ఒంటి మీద తామర వచ్చినా షాపులో స్టెరాయిడ్ కలిపిన క్రీమ్ కొని రాయొద్దు, మన దగ్గర ఆ క్రీముల వల్లే తామర మొండిగా తయారవుతోంది.

సూర్యాపేట నాన్న:
చాలా థాంక్స్ అండి అందరికీ. ఇప్పుడే ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ మేడంతో మాట్లాడా, నోటి ఫోటో పంపమన్నారు, పెద్ద డాక్టర్ గారు చూసి చెప్పేదాకా ఫ్లూకోనజోల్ వేయొద్దన్నారు, రేపు పొద్దున లెవెల్, షుగర్ ఇచ్చి రావాలి. మింగుతుంటే నొప్పి లేదంటున్నాడు. మా పక్కింట్లో పాత గోడలు పడగొడుతున్నారు, దుమ్ము బాగా వస్తోంది, పైన పావురాలు కూడా ఉన్నాయి, దానికేమైనా చేయాలా?

పిల్లల కిడ్నీ డాక్టర్:
చేయాలండి. ఆ దుమ్ములో ఆస్పర్‌జిల్లస్, పావురాల రెట్టలో క్రిప్టోకాకస్ అనే ఇంకో ఫంగస్ ఉండొచ్చు. పని అయ్యేదాకా వీలైతే బాబుని అమ్మమ్మ వాళ్ళింట్లో ఉంచండి, కుదరకపోతే అటువైపు కిటికీలు మూసి తడిగుడ్డతో తుడవండి, పొడి చీపురు వద్దు, బయటికెళ్తే ఎన్95 మాస్క్ పెట్టండి. రెట్ట శుభ్రం చేసేటప్పుడు బాబు దగ్గర్లో ఉండకూడదు. కిడ్నీ ఇచ్చిన వాళ్ళమ్మ చేత కూడా ఆ పని చేయించకండి, ఇంకెవరైనా మాస్క్ పెట్టుకుని నీళ్ళు చల్లి తీస్తే చాలు.