దొంగ ఓట్లు ఏరాల్సిందే, మరి అసలు ఓటు పోతే?

అద్దె ఇల్లు:
2018 డిసెంబరు 7, తెలంగాణ అసెంబ్లీ పోలింగ్. మా అమ్మ ఓటరు కార్డు కొంగున ముడేసుకుని గంటన్నర లైన్లో నిల్చుంది. తీరా లోపలికెళ్తే జాబితాలో పేరు లేదు. ఇల్లు మారలేదు, నోటీసు రాలేదు. ఆరోజు గుత్తా జ్వాల పేరు కూడా గల్లంతైంది కాబట్టి సంగతి వార్తల్లోకెక్కింది. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి రజత్ కుమార్ క్షమాపణ కూడా చెప్పారు. మా అమ్మ ఓటు మాత్రం పోయినట్టే. నేననేది ఒకటే: కొత్తగా పేరు చేర్చమనేవాళ్లు రుజువు చూపాలి, ఉన్న పేరు తీసేవాళ్లు కారణం చూపాలి.

గోదారి గట్టు:
అమ్మగారి విషయం అన్యాయమే. కానీ మా అపార్ట్‌మెంట్‌లోనే ఆరుగురికి ఇక్కడో ఓటు, భీమవరం వైపు ఇంకోటి. 2018లో ఇక్కడ వేసి, నాలుగు నెలలకే బస్సెక్కి ఊళ్లోనూ వేసొచ్చారు. రెండు నియోజకవర్గాల్లో పేరుండటమే చట్టవిరుద్ధం. ఆధార్‌తో కలిపేస్తే పీడా పోతుంది కదా?

అద్దె ఇల్లు:
2015లో మొదలెట్టింది అదే కదండీ. ఆగస్టులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు వచ్చి ఆగింది. అసలు 1995లోనే లాల్ బాబు హుస్సేన్ కేసులో కోర్టు చెప్పింది: పౌరుడు కాదన్న అనుమానంతో పేరు తీయాలంటే ముందు నోటీసివ్వాలి, అతని మాట వినాలి. అయినా 2025లో బీహార్ ముసాయిదా ఓటర్ల జాబితాలో 65 లక్షల పేర్లు ఎగిరిపోతే, అవి ఎవరివో, ఎందుకు తీశారో బయటపెట్టమని మళ్లీ కోర్టే చెప్పాల్సి వచ్చింది.

బీఎల్వో డ్యూటీ:
బీఎల్వోగా, అంటే బూత్ స్థాయి అధికారిగా, ఓటర్ల జాబితా కోసం రెండుసార్లు ఇంటింటికీ తిరిగినదాన్ని, నన్నూ చెప్పనివ్వండి. పదకొండింటికి వెళ్తే సగం ఇళ్లకు తాళాలే. పక్కింటావిడని అడిగితే, "ఖాళీ చేశారనుకుంటా" అంటుంది. ఆ "అనుకుంటా" మా కాగితం మీదకొచ్చేసరికి "షిఫ్టెడ్" అయిపోతుంది. సాయంత్రం మళ్లీ వెళ్లాలనే ఉంటుంది, కానీ మాకు వేరే ఉద్యోగం కూడా ఉంది. దీనికి తోడు ఫారం 7 ఒకటి. 2019 ఎన్నికల ముందు ఆంధ్రాలో పేర్లు తీసేయమని ఆన్‌లైన్‌లో అవి లక్షల్లో వచ్చిపడ్డాయి. చాలావాటిలో, దరఖాస్తు పెట్టినట్టున్న మనిషికే ఆ సంగతి తెలియదు. పోలీసు కేసులూ అయ్యాయి.

గోదారి గట్టు:
మరి చనిపోయినవాళ్ల పేర్లు? మా తాతయ్య పోయాక కూడా రెండు ఎన్నికల దాకా ఆయన స్లిప్పు ఇంటికొచ్చేది.

బీఎల్వో డ్యూటీ:
ఇంట్లోవాళ్లు చెప్పరండీ, అదీ ఇబ్బంది. మరణాల రిజిస్టరు పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో ఉంటుంది. అది నెలనెలా మాకు చేరితే సగం పని తగ్గుతుంది.

అద్దె ఇల్లు:
ఆ పేర్లు నిక్షేపంగా తీసెయ్యండి, నాకేం పేచీ లేదు. తాళం వేసిన ఇంటికి మాత్రం తలుపు మీద నోటీసు అంటించి, ఇంకోసారి వెళ్లాకే ముట్టుకోండి. గట్టుగారూ, ఈలోగా మీ ఆరుగురినీ ఒకచోట పేరు తీయించుకోమని చెప్పకూడదూ?

గోదారి గట్టు:
అందులో మా బావ ఒకడు. నేనా మాట అంటే సంక్రాంతికి గడప తొక్కనివ్వడు.