నేను డ్యూటీలో లేని గంటలకు చార్టులో బీపీ రాయమంటున్నారు, ఏం చేయాలి?

స్టాఫ్‌నర్స్_గుంటూరు

అందరికీ నమస్తే. జీఎన్‌ఎం నర్సింగ్ కోర్సు అయ్యాక ఒక ప్రైవేట్ హాస్పిటల్‌లో మేల్ వార్డులో చేరాను. ఏడాది కావస్తోంది. నిన్న మార్నింగ్ డ్యూటీకి వెళ్లేసరికి ఒక పెద్దాయన్ని హడావిడిగా ఐసీయూకి షిఫ్ట్ చేస్తున్నారు. షుగర్ పేషెంట్, జ్వరంతో అడ్మిట్ అయ్యారు. రెండు గంటలకోసారి వైటల్స్ (బీపీ, పల్స్, టెంపరేచర్ లాంటివి) చూడమని ఆర్డర్ ఉంది. రాత్రి 10 తర్వాత 12, 2, 4 గంటల కాలమ్స్ ఖాళీ. తెల్లారే ముందు చూస్తే బీపీ బాగా పడిపోయి ఉందట. నైట్‌లో వార్డు మొత్తానికి ఒక్కతే స్టాఫ్, పైగా కొత్త అడ్మిషన్లు వచ్చాయి.

ఇవాళ వాళ్లబ్బాయి కేస్ షీట్ జిరాక్స్ అడిగారు. ఇన్‌ఛార్జ్ సిస్టర్ నన్ను పిలిచి, "ఆ మూడు కాలమ్స్ నింపెయ్. 110/70, 110/80 అలా వేసెయ్. నీ రైటింగ్ ఆ అమ్మాయి రైటింగ్‌లాగే ఉంటుంది. అన్ని చోట్లా చేసేదే" అన్నారు. పని ఉందని చెప్పి తప్పించుకొచ్చాను. రేపు మళ్లీ అడుగుతారు. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే ఉన్నాయి, ఇంటికి నా జీతమే ఆధారం. నైట్ చేసింది నా ఫ్రెండ్. రాయకపోతే తను ఇరుక్కుంటుందేమో. చాలా టెన్షన్‌గా ఉంది.

ఐసీయూ_హైదరాబాద్

రాయొద్దు సిస్టర్. మీ బయోమెట్రిక్ పంచ్ ఉదయానిది. రాత్రి 2 గంటల బీపీ మీరెలా చూశారని అడిగితే ఏం చెప్తారు?

రిటైర్డ్_హెడ్‌నర్స్_విశాఖ

అమ్మా, నేను ప్రభుత్వాసుపత్రిలో చేసి రిటైరయ్యాను. బయోమెట్రిక్‌లో దొరుకుతావనే భయం కన్నా ముందు చూడాల్సింది ఇంకొకటుంది. ఆ పెద్దాయన ఇంకా ఐసీయూలో ఉన్నారు. అక్కడి డాక్టర్ ఆ చార్ట్ చూసే ఆలోచిస్తారు. నాలుగింటికి 110/80 అని ఉంటే, అప్పటిదాకా బాగానే ఉన్నాడు, ఉన్నట్టుండి పడిపోయాడు అనుకుని గుండె వైపు వెతుకుతారు. జ్వరం, షుగర్ ఉన్న మనిషికి ఇన్ఫెక్షన్ వల్ల రాత్రంతా బీపీ కొంచెం కొంచెంగా దిగి ఉండొచ్చు. కిడ్నీకి రక్తం ఎంతసేపు సరిగ్గా అందలేదన్నది కూడా ఆ అంకెలతోనే లెక్కేస్తారు. కాలమ్ ఖాళీగా ఉంటే, తెలియదన్న సంగతైనా వాళ్లకు తెలుస్తుంది. దొంగ అంకె వైద్యాన్నే దారి తప్పిస్తుంది. అందుకే చూడనిది రాయకూడదు.

ఇక చట్టం. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు, వైద్యంలో ప్రతి లోపమూ క్రిమినల్ నేరం కాదని, తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలని చెప్పింది. ఒక్క నర్సు వార్డంతా చూసుకుంటూ మూడు రీడింగులు తీయలేకపోతే, దానికి హాస్పిటల్ కూడా జవాబు చెప్పాలి. నర్సు చేసిన తప్పుకు హాస్పిటల్‌దే బాధ్యత అని 1998లో స్ప్రింగ్ మెడోస్ కేసులో తేలింది. అక్కడ నర్సు వేరే ఇంజెక్షన్ చేస్తే పిల్లాడి మెదడు దెబ్బతింది, పరిహారం హాస్పిటల్ కట్టాల్సి వచ్చింది. కానీ నువ్వు ఆ కాలమ్స్ నింపితే అది లోపం కాదు, తెలిసి చేసిన పని. అదీ నీ చేత్తో.

ఇంకో సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్‌లో, నిర్లక్ష్యంతో ప్రాణం పోతే అయిదేళ్ల దాకా శిక్ష ఉంది. రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్‌కి అది రెండేళ్లు. ఆ మాటకు అర్థం మెడికల్ రిజిస్టర్‌లో పేరున్న డాక్టర్ అని అక్కడే రాశారు. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉన్న మనకు ఆ తగ్గింపు లేదు. పాత చట్టంలో అందరికీ రెండేళ్లే ఉండేది. ఇది అన్యాయమని నా అభిప్రాయం, దీనిమీద మన సంఘాలు గట్టిగా మాట్లాడాలి. అది మారేదాకా మాత్రం మనం ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

నీ ఫ్రెండ్‌ని కాపాడే దారి వేరే ఉంది. తనే లేట్ ఎంట్రీ రాయాలి. రాస్తున్న తేదీ, టైమ్ వేసి, ఆ మూడు రీడింగులు తీయలేదని, ఆ సమయంలో ఏ అడ్మిషన్లు చూస్తోందో, డ్యూటీ డాక్టర్‌కి ఎప్పుడు ఫోన్ చేసిందో ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టాలి. వైట్‌నర్ వాడొద్దు, పేజీ మార్చొద్దు. ఇన్‌ఛార్జ్‌తో నువ్వు మర్యాదగానే చెప్పు: "సిస్టర్, నేను మార్నింగ్ షిఫ్ట్. చూడని బీపీ రాయలేను. ఇన్సిడెంట్ రిపోర్ట్ రాద్దాం." వినకపోతే నర్సింగ్ సూపరింటెండెంట్‌కి కాగితం మీద పెట్టు. కేస్ షీట్ ఫొటోలు మాత్రం తీయకు, అది పేషెంట్ వివరాలు బయటపెట్టడమే.

అటెండర్‌గా_ఉన్నవాణ్ణి

నేను నర్సుని కాదు. మా అమ్మ పోయాక ఫైల్ తీసుకున్నాం. జ్వరంతో మూలిగిన రాత్రులన్నిటికీ టెంపరేచర్ 98.6 అని రాసి ఉంది. స్టాఫ్ తక్కువ, చూడలేదు అని ఉంటే అర్థం చేసుకునేవాళ్లం. ఆ అంకెలు చూశాక ఆ ఫైల్‌లో ఏదీ నమ్మాలనిపించలేదు.

స్టాఫ్‌నర్స్_గుంటూరు

మేడమ్, ఐసీయూ డాక్టర్ ఆ అంకెల మీద ఆధారపడతారన్న ఆలోచనే నాకు రాలేదు. వాళ్లబ్బాయికి నేను చెప్పాలా?

రిటైర్డ్_హెడ్‌నర్స్_విశాఖ

కారిడార్‌లో పక్కకు పిలిచి చెప్పకు. ఇంటివాళ్లకు చెప్పాల్సింది చూస్తున్న డాక్టర్, హాస్పిటల్. రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది, ఆయనకు కాపీ వస్తుంది. ఆయనే వచ్చి నిన్ను సూటిగా అడిగితే, నైట్‌లో నేను లేను, డాక్టర్ గారిని అడగండి అను. అబద్ధం మాత్రం చెప్పకు. ఐసీయూలో డ్యూటీ డాక్టర్‌కి మాత్రం ఈ రాత్రే ఫోన్ చెయ్. 12, 2, 4 గంటల రీడింగులు అసలు తీయలేదని చెప్పు. రేపటిదాకా ఆగొద్దు.

స్టాఫ్‌నర్స్_గుంటూరు

చెప్పాను మేడమ్. డాక్టర్ నోట్ చేసుకున్నారు. ఫ్రెండ్ రేపు లేట్ ఎంట్రీ రాస్తానంది. ఇన్‌ఛార్జ్‌తో ఇద్దరం కలిసే వెళ్తాం.

రిటైర్డ్_హెడ్‌నర్స్_విశాఖ

మంచిది తల్లీ. ఒరిజినల్స్ కోసం ఇప్పుడే ఒక లెటర్ పెట్టు, రెండో కాపీ మీద అందినట్టు స్టాంపు వేయించుకో. ఇవ్వకపోతే ఇక్కడే రాయి, తర్వాత ఏం చేయాలో చూద్దాం.